నిరాశకూ ఉంది కొలమానం

* కుంగుబాటు వేరు, నిరాశ వేరు అంటున్న మానసిక వైద్యశాస్త్రం
* ఇరవై వాక్యాలతో రోగి మనసును తూచే ప్రయత్నం
* వచ్చిన అంకె జోస్యం కాదు... వైద్యుడు అడగవలసిన తర్వాతి ప్రశ్నకు దారి

జ్వరం ఎంత ఉందో థర్మామీటరు చెబుతుంది. రక్తపోటును చేతికి పట్టీ చుట్టి చూస్తారు. చక్కెర పాళ్లను ఒక్క రక్తపు చుక్క తేల్చేస్తుంది. మనిషి లోపల దిగులు ఎంత లోతుగా ఉందో, రేపటి మీద ఆశ ఎంత మిగిలి ఉందో చెప్పే పరికరం మాత్రం ఏ ప్రయోగశాలలోనూ లేదు. అయినా మానసిక వైద్యులు దానిని కొలుస్తూనే ఉన్నారు. కాగితం మీద కొన్ని ప్రశ్నలు, వాటికి రోగి ఇచ్చే జవాబులు, ఆ జవాబులకు వేసే అంకెలు... ఇవే వారి సాధనాలు. అరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ ప్రయత్నంలో ఒక ముఖ్య విషయం తేలింది. కుంగుబాటు, నిరాశ ఒకటి కావు. రెంటినీ ఒకే గాటన కట్టి చూస్తే, ప్రాణాపాయంలో ఉన్న రోగి వైద్యుడి కళ్ల ముందే ఉండి కూడా కనిపించకుండా పోవచ్చు.

రెంటికీ తేడా ఏమిటి?

డిప్రెషన్ అని వైద్యులు పిలిచే కుంగుబాటు ఒక్క లక్షణం కాదు, అనేక లక్షణాల కూటమి. రోజంతా దిగులుగా ఉండటం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అతిగా నిద్రపోవడం, తిండి సయించకపోవడం, ఒంట్లో శక్తి సన్నగిల్లడం, చేయని తప్పుకు తనను తాను నిందించుకోవడం వంటివి అందులోకి వస్తాయి. వీటిలో కొన్ని కనీసం రెండు వారాలు విడవకుండా ఉండి, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తున్నప్పుడే వైద్యులు దానిని వ్యాధిగా పరిగణిస్తారు.

నిరాశ వీటి మధ్య పారే ఒక పాయ. ఇది ఈనాటి బాధకు సంబంధించినది కాదు, రేపటికి సంబంధించినది. రాబోయే రోజులలో తనకు మంచి జరగదని, తాను ఏం చేసినా పరిస్థితి మారదని మనసులో గట్టిగా నాటుకుపోయిన నమ్మకమది. 'ఇక నా బతుకింతే' అన్న మాటలో వినిపించేది అదే. కుంగుబాటు ఉన్న వారందరిలోనూ నిరాశ ఒకే పాళ్లలో ఉండదు. స్కిజోఫ్రెనియా రోగులలో, మద్యానికి బానిసలైన వారిలో సైతం ఇది విడిగా తలెత్తవచ్చు.

ఉదాహరణకు ఒకే వార్డులో ఇద్దరు రోగులు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ కుంగుబాటు పరీక్షలో ఒకే అంకె వచ్చింది. ఒకరు రాత్రంతా మేలుకుని ఏడుస్తున్నా, 'నయమైతే మళ్లీ దుకాణం తెరవాలి' అంటున్నారు. రెండోవారు కొంత నెమ్మదించి, వేళకు తింటున్నారు, కానీ వచ్చే నెల గురించి అడిగితే మౌనం వహిస్తున్నారు. కుంగుబాటు అంకె ఒక్కటే చూస్తే ఇద్దరూ సమానమే. నిరాశను విడిగా అడిగినప్పుడే రెండోవారి ప్రమాదం బయటపడుతుంది.

ఫిలడెల్ఫియాలో నాంది

ఈ తేడాను అంకెలలోకి తెచ్చిన వైద్యుడు ఆరన్ బెక్. 1921లో అమెరికాలో జన్మించిన ఆయన ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. నూరేళ్లు నిండిన తర్వాత 2021 నవంబరు 1న కన్నుమూశారు. లోపలికి మళ్లిన కోపమే కుంగుబాటుకు మూలమన్న సిద్ధాంతం ఆయన వృత్తిలోకి వచ్చిన కాలంలో ప్రబలంగా ఉండేది. దానిని నిర్ధారించేందుకు బెక్ రోగుల కలలను పరిశీలించారు. అక్కడ ఆయనకు కనిపించింది కోపం కాదు, ఓటమి, పోగొట్టుకున్నామన్న భావన. తన గురించి, లోకం గురించి, భవిష్యత్తు గురించి చెడుగానే ఆలోచించే తీరు వారిలో స్థిరపడి ఉందని ఆయన గ్రహించారు. ఈ మూడింటిలో చివరిదే నిరాశ.

బెక్ బృందం 1961లో 21 అంశాల కుంగుబాటు ప్రశ్నావళిని ప్రచురించింది. రోగులు తమ బాధను ఏ మాటలలో చెప్పుకొంటున్నారో గమనించి, ఆ మాటల నుంచే అంశాలను రూపొందించడం దీని విశేషం. ఒక్కో అంశానికి 0 నుంచి 3 వరకు మార్కులు ఉంటాయి. మొత్తం 63. 1996లో సవరించిన రూపంలో 0 నుంచి 13 వరకు వస్తే నామమాత్రం, 14 నుంచి 19 వరకు స్వల్పం, 20 నుంచి 28 వరకు మధ్యస్థం, 29 లేదా అంతకు మించి వస్తే తీవ్రం అని లెక్కిస్తారు.

దీనికి ఏడాది ముందు, 1960లో, బ్రిటన్‌లో మాక్స్ హామిల్టన్ మరో పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇందులో రోగి స్వయంగా కాగితం నింపడు. వైద్యుడే రోగితో మాట్లాడి, గమనించి మార్కులు వేస్తాడు. 1990ల చివర రూపొందిన పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం నేడు ఎక్కువగా వాడుకలో ఉంది. మొత్తం 27 మార్కులకు 10 లేదా అంతకు మించి వస్తే మరింత పరీక్ష అవసరమని భావిస్తారు. బెక్ ప్రశ్నావళులకు రుసుము చెల్లించవలసి ఉండగా, దీనిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని విస్తృతికి అదొక ప్రధాన కారణం.

ఇరవై వాక్యాలు... అవును, కాదు

కుంగుబాటు పత్రంలో భవిష్యత్తు గురించి ఒకటి రెండు అంశాలే ఉంటాయి. అది చాలదని భావించిన బెక్ బృందం 1974లో నిరాశకు ప్రత్యేక కొలమానాన్ని తయారుచేసింది. ఇందులో 20 వాక్యాలు ఉంటాయి. వాటిలో 9 ఆశను, 11 నిరాశను సూచించేవి. ఈ రోజుతో కలిపి గడిచిన వారం రోజులలో తన మనఃస్థితికి ఒక్కో వాక్యం సరిపోతుందో లేదో రోగి 'అవును', 'కాదు' అని గుర్తించాలి. నిరాశను సూచించే ప్రతి జవాబుకు ఒక మార్కు. 3 వరకు వస్తే నామమాత్రం, 4 నుంచి 8 స్వల్పం, 9 నుంచి 14 మధ్యస్థం, 15 లేదా అంతకు మించి వస్తే తీవ్రం. పత్రం నింపేందుకు కొద్ది నిమిషాలు చాలు.

ఆశను, నిరాశను సూచించే వాక్యాలను కలగలిపి ఇవ్వడంలో ఒక ఉపాయం ఉంది. విసుగుతోనో, తొందరలోనో అన్నింటికీ 'అవును' అని గీత గీసుకుంటూ పోయిన రోగి పత్రాన్ని చూడగానే పోల్చవచ్చు.

ఆత్మహత్యకు యత్నించి ఆసుపత్రిలో చేరిన 294 మందిపై ఈ కొలమానాన్ని తొలుత పరీక్షించారు. వాక్యాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చూసే లెక్కలో 1కి గాను 0.93 వచ్చింది. ఒక తక్కెడ ఉదయం ఒక తూకం, సాయంత్రం మరో తూకం చూపితే ఆ తక్కెడను ఎవరూ నమ్మరు. ప్రశ్నావళికి కూడా అంతే. ముందుగా దాని నిలకడను, ఆపై అది తూచవలసిన దానినే తూస్తోందా అన్న సంగతిని నిరూపించాలి.

మృతుల లెక్క చెప్పిన పాఠం

రెండో పరీక్షకు ఏళ్లు పట్టింది. ఆత్మహత్యకు యత్నించిన 384 మందిని పరిశీలించి 1975లో వెల్లడించిన అధ్యయనంలో, కుంగుబాటును ఆత్మహత్య ఆలోచనతో ముడివేసే లంకె నిరాశేనని బెక్ బృందం పేర్కొంది. ఆ తర్వాత, ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరిన 207 మందిని ఐదు నుంచి పదేళ్ల పాటు గమనించి 1985లో ఫలితాలు ప్రకటించారు. ఆ కాలంలో 14 మంది ఆత్మహత్య చేసుకున్నారు. నిరాశ కొలమానంలో 10 లేదా అంతకు మించి వచ్చిన వారిని వేరుచేసి చూస్తే, మృతులలో 91 శాతం మంది ఆ వర్గంలోనే ఉన్నట్లు తేలింది.

1990లో బయటి రోగులు 1,958 మందికి సంబంధించిన ఫలితాలు వెలువడ్డాయి. వారిలో ఆత్మహత్య చేసుకున్నవారు 17 మంది. అందులో 16 మందికి నిరాశ కొలమానంలో 9 లేదా అంతకు మించి వచ్చింది. ఆ గీత దాటిన వారికి మిగతావారి కంటే 11 రెట్లు ముప్పు ఎక్కువని లెక్క తేలింది.

అంకెను తిరగేసి చూస్తే...

ఇక్కడితో ఆగితే నిరాశ పత్రం చేతిలో ఉన్న వైద్యుడికి ఎవరు ప్రాణం తీసుకుంటారో ముందే తెలిసిపోతుందని అనిపిస్తుంది. వాస్తవం వేరు. 11 రెట్లు అన్న నిష్పత్తిని బట్టి లెక్కిస్తే, 1990 నాటి ఆ రోగులలో సగానికి పైగా, అంటే వేయి మందికి మించి, 9 గీతను దాటినవారే అవుతారు. వారిలో ఆత్మహత్య చేసుకున్నది 16 మంది. మిగిలినవారంతా బతికి బట్టకట్టారు. గీత దాటిన ప్రతి ఒక్కరినీ వార్డులో కట్టడి చేయాలంటే, అవసరం లేని వందల మంది స్వేచ్ఛ కోల్పోతారు. గీత దాటలేదని ధీమాగా ఉంటే, మృతులలో మిగిలిన ఆ పదిహేడో వ్యక్తి చేయి జారిపోతాడు.

పలు అధ్యయనాలను కలిపి 2007లో ప్రచురించిన విశ్లేషణ కూడా ఈ విషయాన్నే ధ్రువీకరించింది. ఆత్మహత్య చేసుకున్న ప్రతి 100 మందిలో 80 మందిని ఈ కొలమానం ముందే పట్టుకోగలిగింది. చేసుకోనివారిలో మాత్రం 'ముప్పు తక్కువ' అని సరిగా చెప్పగలిగింది 100కు 42 మంది విషయంలోనే. యాభై ఏళ్ల పరిశోధనకు సంబంధించిన 365 అధ్యయనాలను 2017లో సమీక్షించినప్పుడు, ఏ ఒక్క కారణాన్ని పట్టుకుని జోస్యం చెప్పినా అది బొమ్మాబొరుసు వేసి చెప్పడం కంటే కొద్దిగానే మెరుగని తేలింది. భవిష్యత్తులో ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో ఊహించడానికి ఇలాంటి కొలమానాలను వాడవద్దని బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ 'నైస్' 2022 మార్గదర్శకాలలో స్పష్టంగా పేర్కొంది.

మరి కొలవడం దేనికి? థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది. అది మలేరియానో, టైఫాయిడో చెప్పదు. అంతమాత్రాన దానిని ఎవరూ పారవేయరు. నిరాశ పత్రం కూడా అంతే. రోగి నోరు విప్పని విషయం ఒకటి లోపల ఉందని అది చెబుతుంది. చికిత్స మొదలుపెట్టిన నెల తర్వాత మళ్లీ కొలిస్తే, మందులు, మాటలు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుపుతుంది. నిద్ర, ఆకలి కుదుటపడి కుంగుబాటు అంకె దిగివచ్చినా నిరాశ అంకె కదలకపోతే, ఆ రోగిని ఇంటికి పంపే ముందు వైద్యుడు మరోసారి ఆలోచించవలసి ఉంటుంది.

తూకం తప్పే చోట్లు

అమెరికాలో పుట్టిన పత్రాన్ని తెలుగు రోగి ముందు పెట్టినప్పుడు అనేక చిక్కులు ఎదురవుతాయి. మొదటిది భాష. దిగులు, బెంగ, గుబులు, విరక్తి... ఇవన్నీ ఒకదానికి ఒకటి దగ్గరి మాటలే గానీ ఒకటి కావు. మాటకు మాట అనువదిస్తే అర్థం మారిపోతుంది. అందుకే ఒకరు తెలుగులోకి మార్చిన పత్రాన్ని, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఆంగ్లంలోకి రాయించి రెంటినీ సరిపోల్చడం పద్ధతి. 'లేదని అనుకోవడం లేదు' వంటి రెండు వ్యతిరేకాల వాక్యానికి 'కాదు' అని జవాబు వస్తే, రోగి మనసులో ఏముందో ఎవరూ తేల్చలేరు.

రెండోది ఒంటి బాధల రూపంలో మనోవేదన చెప్పుకునే అలవాటు. తల బరువుగా ఉందని, ఒళ్లు లాగేస్తోందని, గుండెల్లో మంటగా ఉందని వచ్చే రోగిలో కుంగుబాటు దాగి ఉండవచ్చు. దిగులుగా ఉందా అని నేరుగా అడిగితే 'అదేం లేదు' అనే అవకాశం ఉంది. ఇక చదవడం రాని రోగికి ప్రశ్నలను చదివి వినిపించాలి. అప్పుడు పక్కన భర్తో, అత్తగారో, కొడుకో కూర్చుని ఉంటే జవాబులు రోగివి కాకుండా పోతాయి. ఏకాంతంలో అడగడం మర్యాద కోసం కాదు, కొలత సరిగా రావడం కోసం.

మూడోది, మానసిక రోగులలో ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్య. కొన్ని మందుల వల్ల మగత కమ్ముతుంది, బరువు పెరుగుతుంది. ఆ మార్పులన్నీ కుంగుబాటు మార్కులుగా చేరిపోతాయి. స్కిజోఫ్రెనియాలో ముఖంలో భావం లేకపోవడం, మాట తగ్గిపోవడం ఆ వ్యాధి లక్షణాలే అయినా, పైకి కుంగుబాటులా కనిపిస్తాయి. ఈ రెంటినీ వేరుచేసేందుకే తొమ్మిది అంశాల కాల్గరీ కొలమానాన్ని కెనడాలో రూపొందించారు. వయసు మీద పడినప్పుడు నిద్ర, ఆకలి సహజంగానే తగ్గుతాయి గనుక, వృద్ధుల కోసం 1980లలో తయారైన 30 ప్రశ్నల పత్రంలో శారీరక లక్షణాలకు చోటివ్వలేదు.

జవాబు దాచుకునేదెందుకు?

కొలమానానికి అసలు శత్రువు భయం. 'ఎర్రగడ్డకు పంపాలి' అన్న మాట తెలుగునాట తరాలుగా ఎగతాళిగా చలామణి అవుతోంది. ఒక చికిత్సాలయం పేరే తిట్టుగా మారిన చోట, అక్కడకు వచ్చిన రోగి 'అంతా బాగానే ఉంది' అని గీత గీయడంలో వింత లేదు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని, ఉద్యోగం పోతుందని, పొలం పనికి ఎవరూ పిలవరని రోగులు, వారి కుటుంబసభ్యులు వెనుకాడుతుంటారు.

పోలీసు కేసు భయం కూడా చాలాకాలం వెంటాడింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలే తప్ప శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. భారత శిక్షా స్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పేర్కొన్న పాత 309వ సెక్షన్‌ను కొనసాగించలేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేసేందుకు చేసే యత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. ఈ సంగతి తెలిస్తే రోగి నిజం చెప్పేందుకు కొంత ధైర్యం కలుగుతుంది.

అడిగితే ఆలోచన పుడుతుందా?

చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన కొత్తగా కలుగుతుందేమోనన్న సందేహం ఇళ్లలోనే కాదు, కొందరు వైద్య సిబ్బందిలోనూ ఉంది. ఈ విషయంపై జరిగిన 13 అధ్యయనాలను 2014లో సమీక్షించగా, అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచనలు పెరిగినట్లు ఆధారం దొరకలేదు. అందువల్ల పీహెచ్‌క్యూ-9లో మరణం, ఆత్మహాని గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏ మార్కు వచ్చినా, మొత్తం ఎంత తక్కువగా ఉన్నా సరే, వైద్యుడు అక్కడ ఆగి విడిగా మాట్లాడటం అవసరం. ఆ ఆలోచన ఎప్పటి నుంచి వస్తోంది, ఎంత తరచుగా వస్తోంది, దానిని ఆపుతున్నది ఏమిటి అన్న మూడు ప్రశ్నలు ఏ అంకె కంటే ఎక్కువే చెబుతాయి.

నిరాశ మారని గుణం కాదన్నది ఈ పరిశోధనలన్నింటిలో ఊరటనిచ్చే అంశం. ఆత్మహత్యకు యత్నించిన 120 మందితో బెక్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆలోచనా ధోరణిని సరిదిద్దే చికిత్స పొందిన వారిలో మళ్లీ యత్నించినవారు 18 నెలలలో 24 శాతం. సాధారణ చికిత్సకే పరిమితమైన వారిలో దాదాపు 42 శాతం. ఆరు నెలల నాటికి మొదటి వర్గంలో నిరాశ కూడా తగ్గింది. ప్రమాద సంకేతాలు, మనసు మళ్లించుకునే మార్గాలు, పిలవవలసిన మనుషులు... వీటిని రోగి స్వయంగా కాగితం మీద రాసుకునేలా చేసి, ఇంటికి వెళ్లాక ఫోనులో పలకరించిన చోట ఆరు నెలలలో ఆత్మహత్య సంబంధిత ఘటనలు 45 శాతం తక్కువగా నమోదైనట్లు 2018లో అమెరికాలో ప్రచురితమైన మరో అధ్యయనం తెలిపింది.

మానసిక ఆసుపత్రి నుంచి విడుదలైన తొలి మూడు నెలలు అత్యంత కీలకమని వివిధ దేశాల అనుభవం చెబుతోంది. నయమైందని ఇంట్లోవారు నిశ్చింతగా ఉండేదీ అప్పుడే. జిల్లా స్థాయిలో మానసిక వైద్యం అందించే కార్యక్రమాన్ని కేంద్రం 1996లో నాలుగు రాష్ట్రాలలో ఆరంభించగా, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోగి దూరంలోని పెద్దాసుపత్రికి మళ్లీ మళ్లీ వెళ్లనవసరం లేకుండా, దగ్గరలోనే పునఃపరీక్ష జరగాలన్నదే దాని ఉద్దేశం. ఆ తేదీ తప్పిపోకుండా చూడటం కుటుంబం బాధ్యత.

ఇంట్లోవారు గమనించవలసినవి

* వచ్చే నెల, వచ్చే ఏడాది గురించిన మాట ఎత్తగానే ముభావంగా మారడం, 'నాకెందుకు' అనడం.
* తాను ఇంటికి భారమని, తాను లేకపోతే అందరికీ మేలని పదే పదే చెప్పడం.
* ఇష్టమైన వస్తువులను ఇతరులకు ఇచ్చివేయడం, అప్పగింతలు పెడుతున్నట్లు మాట్లాడటం.
* ఎంతో దిగులుగా ఉన్న మనిషి కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపించడం.
* మందులు మానేయడం, వైద్యుడి వద్దకు రానని మొండికేయడం.

ఇటువంటివి కనిపించినప్పుడు రోగిని ఒంటరిగా వదలకూడదు. తిట్టడం, హితబోధ చేయడం కాకుండా చెప్పేది పూర్తిగా వినాలి. చేతికి అందేలా ప్రమాదకర వస్తువులేవీ ఉంచరాదు. పీహెచ్‌క్యూ-9 వంటి పత్రాలను ఇంట్లోనే నింపి, తక్కువ మార్కులు వచ్చాయని వైద్యుడి వద్దకు వెళ్లడం మానుకోకూడదు. అంకె ఎంతైనా దాని అర్థం చెప్పవలసింది రోగితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడిన వైద్యుడే.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవలు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతున్నాయి. తెలుగులోనూ మాట్లాడవచ్చు. రోగులే కాదు, వారిని ఎలా పలకరించాలో తెలియక సతమతమయ్యే కుటుంబసభ్యులు కూడా ఈ నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు.